రాజుగారి మగ్గానికి చిటికెడు విబూది

మిల్లులో మా ఆయన నిలబడే చోట, గోడకు ఒక కోట బొమ్మ ఉండేది. నూలు అమ్మే సేటు ఎవరో పంచిన క్యాలెండరు అది. నెలల కాగితాలు ఏ ఏడు చిరిగిపోయాయో తెలియదు, పైన అట్ట మాత్రం మిగిలింది. ఆ అట్ట మీద రెండు బురుజులు, మధ్యలో ఒక చెక్క తలుపు, మెట్ల మీద ఒక మేక. మా సూరత్‌లో బస్సెక్కితే గంటన్నర దూరమట, ఒకప్పుడు ఒక చిన్న రాజుగారిదట, ఇప్పుడు టికెట్టు కొనుక్కుని ఎవరైనా చూడొచ్చట. పన్నెండు గంటలు మగ్గాల మధ్య నిలబడే మనిషికి కళ్ళు ఆనించుకోవడానికి ఆ బొమ్మ తప్ప ఏముంది? "ఒక ఆయితారం పోదామే" అనేవాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. కొన్ని బట్టలుతకడానికి, కొన్ని నిద్రకు, మిగిలినవి చుట్టాల పెళ్ళిళ్ళకూ చావులకూ. మిల్లు గోడలకు సున్నం వేస్తున్న రోజున ఆ అట్టను చింపేయబోతే, ఆయన అడిగి ఇంటికి తెచ్చి మా ట్రంకుపెట్టె మూత లోపల అంటించాడు. పెట్టె తెరిచినప్పుడల్లా కోట తలకిందులుగా కనిపించేది.

రెండోసారి వచ్చిన కరోనా మా ఆయనను పట్టుకుంది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ముక్కుకు గొట్టంతో ఉన్నాడు. ఇంటికి వచ్చాక మూడు నెలలు మంచం, ఆ తర్వాత గుమ్మం దాకా, ఆ తర్వాత వీధి చివరి పాలబండి దాకా. దసరా వెళ్ళాక, నేను వద్దన్నా వినకుండా మిల్లుకు పోయాడు. మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. పోగులు తెగుతున్నాయట, ముడి వేయబోతే వేళ్ళు వణుకుతున్నాయట, ఒకటి అందుకునేలోగా పక్క మగ్గం ఆగుతున్నదట. మిల్లు మాస్టర్ చెడ్డవాడు కాదు, భుజం మీద చెయ్యి వేసి, కాకా, ఇక ఇంటి దగ్గర ఆరాముగా ఉండు అన్నాడట. మా ఆయన వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరో దాచమని ఇచ్చిన సామాను పెట్టుకున్నట్టు.

"నా చేతులు పొయినయే" అన్నాడు. ఆ రోజుకు అంతే మాట్లాడాడు.

మరుసటి రోజు నుంచి అది కూడా లేదు. దానికి ఇంకో కారణం ఉంది. మగ్గాల మోతలో ముప్పై ఏళ్ళు నిలబడ్డవాళ్ళకు చెవులు మిగలవు. ఎదుటివాడి పెదవులు చూసి మాట పట్టుకుంటారు. మా ఆయన ఎంత బాగా పట్టేవాడంటే, కొత్తవాళ్ళకు ఆయనకు చెవుడని తెలిసేదే కాదు. మాస్కులు వచ్చి ఆ పెదవులు మూసేశాయి. డాక్టరు ఏం చెప్పాడో తెలియదు, కిరాణా కొట్టువాడు ఏమడిగాడో తెలియదు. నవ్వి తల ఊపి వచ్చేవాడు. నేను ఇంట్లో మాస్కు పెట్టుకోను కాబట్టి నాతో మాత్రం మాట ఉండేది. చేతులు పోయాయన్నాక నా పెదవుల వైపు చూడటం కూడా మానేశాడు.

మా అబ్బాయి ఊరి బయట సచిన్ అనే చోట రంగుల కారఖానాకు బైకు మీద పోయి వస్తాడు. ఒకరోజు సాయంత్రం స్నానం చేసి వచ్చి, టికెట్లు చేశానని చెప్పాడు. మా ఇద్దరికీ. సంక్రాంతికి ముందే రైలు, మా సొంత ఊళ్ళో చిన్న మరిది ఇంట్లో ముందు గది ఖాళీగా ఉంది, ఆయనకు అక్కడ గాలి మంచిది. వాడి మాటలో ప్రేమ లేదని అనను. కానీ నన్ను అడగలేదు.

"బాపు ఏమన్నడు?" అన్నాను.

"సరే అన్నడు."

అది విని నాకు ఒళ్ళు మండింది. మొదటి లాక్‌డౌన్‌లో మా నవాగామ్ వీధి వీధంతా మూటలు కట్టుకుని వెళ్ళిపోయింది. లారీలెక్కారు, నడిచారు. పక్క గదిలో పొయ్యి వెలగని ఆ రోజుల్లో కూడా ఈ మనిషే తాళం వేసిన మిల్లు దాకా పోయి గేటు తట్టి వచ్చేవాడు. నా మగ్గం ఈడున్నది, నేనేడికి పోత అనేవాడు. ఈయన సరే అనడమేమిటి? ముప్పై రెండేళ్ళ కిందట ఈ ఊరికి నన్ను తీసుకొచ్చింది ఎవరు? గుజరాతీ రాక నేను కూరగాయల బండి ముందు ఏడుస్తుంటే, బెండకాయ చూపించి భీండా అనాలె అని నేర్పింది ఎవరు? చేతులు పోయాయని ఆయన అనుకోవడం ఒక ఎత్తు, ఈ ఊరు కూడా పోయిందని అనుకోవడం ఇంకో ఎత్తు. ఆయన మనసులో ఆ రెండూ ఒకటే అయిపోయాయి. రైలెక్కాడంటే మరి ఆ చేతులు ఒళ్ళోంచి లేవవు. అది నాకు తెలుసు.

ట్రంకుపెట్టె సర్దుతానని మూత తీశాను. కోట కనబడింది.

"పోదాం" అన్నాను మా అబ్బాయితో. "పోయే ముందు నేనూ మీ బాపూ ఈ కోట చూసొస్తం."

మా అబ్బాయి నా ముఖం చూశాడు. "అమ్మా, కరోనాల టూరిస్టులు పోతరా? బాపు మెట్లెక్కుతడా? జర సోంచాయించు."

"మెట్టు మెట్టుకు కూసుంటడు. కోట ఏడికి పోదు."

"మిల్లోళ్ళకు కోటలేందే..." అని గొణిగాడు. ఆ మాట నాకు వినపడదనుకున్నాడు. చెవులు పోయింది మీ బాపుకు, నాకు కాదు అని చెప్పాను.

మా కోడలు సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. మామ వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసి, ఫోన్లోంచి మా ఇద్దరి టీకా కాగితాలు జిరాక్స్ తీయించి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చింది. "అత్తమ్మా, గేటు కాడ అడుగుతరు. రెండు డోసులూ పడ్డయని దిఖాయించు" అంది. దాంతో పాటు తన దగ్గరున్న మంచి చేతిసంచి కూడా ఇచ్చింది. నేను అందులో రొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు, నీళ్ళ సీసా, ఆయన గోలీలు, నేను ఎక్కడికి పోయినా తీసుకుపోయే విబూది పొట్లం పెట్టుకున్నాను.

బస్సులో ఆయన ఎందుకు వస్తున్నాడో ఆయనకే తెలియనట్టు కూర్చున్నాడు. అబ్బాయి పెళ్ళి బూట్లు వేయించాను, అవి కొంచెం పెద్దవి. నేను జరీ అంచు చీర కట్టాను. కోటకు పోతున్నాం కదా, కోటకు తగ్గట్టే ఉండాలి అనుకున్నాను. ఇంతకీ ఆ కోట ఎంత ఉందంటే, మా ఆయన మిల్లు దానికన్నా పెద్దది. రెండు బురుజులు, చెక్క తలుపు, అంతా బొమ్మలో ఉన్నట్టే ఉంది. మేక మాత్రం లేదు. ఆయన తల ఎత్తి చాలాసేపు చూశాడు. "చిన్నగున్నది" అన్నాడు. మూడు వారాల్లో ఆయన తనంతట తానుగా అన్న మొదటి మాట అది. నాకు అంత చాలు, ఇంటికి తిరిగి పోయినా పర్వాలేదు అనిపించింది.

కానీ పోనిచ్చారా? టికెట్ల కిటికీ దగ్గర మా ముందు ఒక కుటుంబం, కారులో వచ్చినవాళ్ళు, టికెట్లు తీసుకుని లోపలికి పోయారు. మా వంతు రాగానే కిటికీలో మనిషి మమ్మల్ని పైనుంచి కిందకు చూసి, సున్నం పనివాళ్ళు వెనక తలుపు నుంచి రావాలి, మేస్త్రీ అక్కడే ఉన్నాడు అన్నాడు. ఆ పెళ్ళి బూట్లు గానీ, నా జరీ అంచు గానీ ఆ మనిషి కళ్ళకు కనపడలేదు. మా ఆయనకు మాట వినపడలేదు గానీ, చెయ్యి చూపించిన దిక్కు కనపడింది. పాపం, అటు నడవబోయాడు. ముప్పై ఏళ్ళు వెనక గేటు నుంచి పోయిన కాళ్ళు కదా.

ఆయన చెయ్యి పట్టి ఆపాను. మాస్కు గడ్డం కిందకు లాగి, నాకొచ్చిన హిందీలో, ఆయనకు పెదవులు కనబడేట్టుగా చెప్పాను.

"హమ్ కామ్ కరనే నహీ ఆయే. దేఖ్‌నే ఆయే."

పనికి రాలేదు, చూడటానికొచ్చాం. రెండుసార్లు చెప్పాను. మొదటిది కిటికీకి, రెండోది మా ఆయనకు. కిటికీలో మనిషి మాస్కు పైకి పెట్టుకో అన్నాడు, పెట్టుకున్నాను. టీకా కాగితాలు అడిగాడు, ప్లాస్టిక్ సంచితో సహా ఇచ్చాను. నుదుటికి తుపాకీ లాంటిది పెట్టి జ్వరం చూశాడు. అప్పుడు టికెట్లు చింపాడు.

లోపల ఏముంటుంది? కత్తులు, డాళ్ళు, గడ్డి కూరిన చిరుతపులి, దాని ఒక చెవి చీమలు తిన్నాయి. రాజుగారి మంచం చూస్తే మనిషి పొట్టివాడని తెలుస్తుంది. గోడల నిండా ఆయన ఫోటోలే, ప్రతి దాంట్లో ఏదో ఒక జంతువు మీద కాలు పెట్టి ఉంటాడు. వంటిల్లు ఎక్కడ అని కాపలా మనిషిని అడిగాను. అది చూపించం అన్నాడు. కత్తులు చూపించి వంటిల్లు చూపించని ఇల్లు అదేం ఇల్లు? మెట్ల మలుపు దగ్గర మా ఆయన కూర్చున్నాడు. ఊపిరి తీసుకున్నాక లేచాడు. ఇంకో మలుపు దగ్గర మళ్ళీ కూర్చున్నాడు. కారు కుటుంబం మమ్మల్ని దాటిపోతూ, ఈ వయసులో ఎందుకమ్మా కష్టం అన్నట్టు చూసింది. చూడనీ అనుకున్నాను.

పై అంతస్తులో చివరి గది రాణిగారిది. గడపకు అడ్డంగా ఎర్ర తాడు కట్టి ఉంది. లోపల ఒక చేతిమగ్గం.

దాని మీద నేత సగంలో ఆగి ఉంది. సన్నని తెల్లటి గుడ్డ, అంచు ఆకుపచ్చ. రాణిగారికి నేయించుకోవడం సరదా అట, కోటలోనే ఒక నేతగాణ్ణి పెట్టుకుందట, ఆమె పోయిన నాటి నుంచి మగ్గాన్ని అట్లాగే ఉంచారట. ఇదంతా బయట నిలబడి కాపలా మనిషి ఆ కారు కుటుంబానికి చెబుతుంటే విన్నాను. వాళ్ళు ఫోటో తీసుకుని పోయారు, కాపలా మనిషి వాళ్ళ వెంట డాబా మీదకు పోయాడు. ఆ నేతగాడు ఎవరో, ఏమయ్యాడో అతను చెప్పలేదు. నిలువుగా సాగిన పడుగులో ఒక పక్కన పిడికెడు పోగులు తెగి వేలాడుతున్నాయి. ఎలుకలు కొరికి ఉంటాయి.

ఇక్కడ మిల్లు పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరి మగ్గమైనా సరే, పోగు తెగి ఆగి ఉంటే దాన్ని చూసి దాటిపోకూడదు. ఆ మగ్గం మనిషి అన్నానికి పోయి ఉండొచ్చు, నీళ్ళకు పోయి ఉండొచ్చు. దగ్గర ఉన్నవాడు పోగు అతికి నడిపించి పోవాలి. ఎవరూ థాంక్స్ చెప్పరు, ఎవరూ అడగరు. దాటిపోయినవాణ్ణి మాత్రం ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు.

నేను కిటికీలోంచి కిందున్న వేపచెట్టు చూసి తల తిప్పేసరికి మా ఆయన తాడు కింద నుంచి దూరి మగ్గం దగ్గర ఉన్నాడు. బూట్లు గడప బయట విప్పి ఉన్నాయి.

గేటు దగ్గర అంత గొంతు చేసుకుని పనికి రాలేదని చెప్పినదాన్ని నేను. ఇప్పుడు ఈయన పనిలో దిగాడు. రమ్మని చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. నేత పలక మీద కూర్చుని, తెగిన పోగు కొస పట్టుకుని, మగ్గానికి వేలాడుతున్న నూలు చిలప నుంచి జానెడు పోగు తీశాడు. వేళ్ళు వణికాయి. పోగు జారింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. ఆయన ముఖం చూడలేకపోయాను. ఎందుకు తీసుకొచ్చానురా దేవుడా, ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నా బాగుండేది, ఇక్కడికి తీసుకొచ్చి చేతులు పోయాయని ఆయనకే మళ్ళీ రుజువు చేయించానే అనుకున్నాను.

అప్పుడు ఆయన నా వైపు తిరిగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దాడు. మోతలో మాట వినపడక మిల్లులో వాడుకునే సైగల్లో అది లేదు. అది మా అత్తగారి ఇంటి సైగ. చిన్నప్పుడు ఊళ్ళో చేతిమగ్గం మీద ఆయనకు అతకడం నేర్పింది ఆమే. వేళ్ళకు పొయ్యిలో బూడిద అద్దుకుని, రెండు కొసలు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక్క మెలి. ముడి ఉండదు. మిల్లులో ముడి వేయాలి, అదీ క్షణంలో వేయాలి. ఈ మెలి ఆయన ముప్పై ఏళ్ళుగా వేయలేదు.

కోటలో బూడిద ఎక్కడిది? నా సంచిలో విబూది ఉంది.

నేను కూడా చెప్పులు విప్పి తాడు కింద నుంచి దూరాను. చిటికెడు విబూది ఆయన వేళ్ళ మీద వేశాను. మొదటి పోగు నిలిచింది. రెండోది నిలిచింది. మూడో దానికి వేళ్ళ వణుకు ఆగిందని చెప్పను, వణుకుతూనే ఉన్నాయి. కానీ ఆ వణుకులోనే మెలి పడుతోంది. ఆయన కూర్చుని ఉన్నాడు, ఏ మగ్గమూ ఆయన కోసం మొత్తుకోవడం లేదు, కావలసినంత సేపు తీసుకోవచ్చు. నేను తెగిన కొసలు వెతికి ఒక్కొక్కటే అందిస్తున్నాను.

కాపలా మనిషి తిరిగొచ్చి మమ్మల్ని చూసి గట్టిగా అరిచాడు. రాజుగారి వస్తువు ముట్టుకున్నారని, పోలీసులకు చెబుతానని. మా ఆయనకు ఏం వినపడుతుంది? నేను లేచి అడ్డంగా నిలబడ్డాను. మాస్కు కిందకు దించి, ఏమంటున్నారో మా ఆయనకు నా పెదవులతో చెప్పాను. లేవమంటున్నారు, రాజుగారి మగ్గమట.

ఆయన తల ఎత్తకుండానే అన్నాడు, మిల్లులో మాట్లాడినట్టు, గది గోడలు అదిరేట్టు.

"ఇంకో రెండున్నయ్. ఆగుమను."

ఆ గొంతు విని నేను ఎన్ని నెలలైంది! కాపలా మనిషితో అదే చెప్పాను. రెండున్నాయట, ఆగాలట. అతను ఆగలేదు, కింద నుంచి ఒక పెద్దాయనను పిలుచుకొచ్చాడు. కోట బాగోగులు చూసే ముసలాయన, రాణిగారి కాలం నుంచి ఉన్నాడట. ఆయన మెట్లెక్కి వచ్చేసరికి రెండూ అయిపోయాయి. ముసలాయన కళ్ళద్దాలు పెట్టుకుని వంగి, అతికిన పోగుల మీద బొటనవేలు పెట్టి మెల్లగా జరిపాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. వేలికి ఎక్కడా ముడి తగల్లేదు. తల ఎత్తి మా ఆయన చేతుల వైపు చూశాడు.

కాపలా మనిషి మాత్రం వదల్లేదు. కిందకు తీసుకుపోయి పెద్ద రిజిస్టరు ముందు పెట్టి మాఫీ రాయమన్నాడు. తప్పయింది, క్షమించండి అని రాసి సంతకం పెట్టాలి, లేకపోతే పోనివ్వను. గుజరాతీ రాయడం రాదన్నాను. హిందీలో రాయి అన్నాడు. అదీ రాదన్నాను. మీ భాషలో రాయి, ఏదో ఒకటి అన్నాడు.

సరే అన్నాను. నేను చదివింది నాలుగో తరగతి. కానీ చేతిరాత మంచిదని మా పంతులు మెచ్చుకునేవారు. పెన్ను తీసుకుని, కూర్చుని, గుండ్రంగా రాశాను.

"ఆగిన మగ్గం బాగు చేసినం. మల్ల తెగితే పిలువుండ్రి."

కింద మా కోడలి ఫోను నంబరు వేశాను. కాపలా మనిషి రెండు వరుసలూ చూసి, తృప్తిగా ముద్ర కొట్టాడు. ముసలాయనకు అనుమానం వచ్చినట్టుంది. మాఫీకి ఫోను నంబరు ఎందుకని అడిగాడు. మా వైపు అట్లాగే రాస్తారని చెప్పాను. ఆయన మాస్కు వెనక నవ్వాడో లేదో నాకు తెలియదు.

డాబా చూడలేదు, చూడనివ్వలేదు. బయట వేపచెట్టు కింద కూర్చుని రొట్టెలు తిన్నాం. ఆయన తొక్కు రెండుసార్లు వేయించుకున్నాడు. బస్సులో తిరిగొస్తుంటే నా చీర కొంగు చేతిలోకి తీసుకుని, అంచులో ఊడిన దారం ఒకటి పట్టుకుని మెలిపెడుతూనే ఉన్నాడు. చీర పాడవుతుందని నేను అనలేదు.

ఆ సాయంత్రం మా అబ్బాయి వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

"టికెట్లు వాపస్ చెయ్యి" అన్నాడు.

మా అబ్బాయి నా వైపు చూశాడు, ఏం చేసొచ్చావే అన్నట్టు. తర్వాత మాస్కు తీసి, తండ్రికి పెదవులు కనబడేట్టు ఎదురుగా కూర్చున్నాడు. మిల్లు వాళ్ళు మళ్ళీ తీసుకోరని, మాస్టర్ తనతో కూడా చెప్పాడని, ఒళ్ళు ఈడ్చుకుంటూ పోయి ఏం చేస్తావని నచ్చజెప్పబోయాడు.

"మిల్లు ఎవనికి గావాలె? అచ్చు అతుకుత" అన్నాడు మా ఆయన.

అచ్చు అతకడమంటే ఏమిటంటే, మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు ఆ పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే, వేల పోగులు, అతకాలి. కింద కూర్చుని చేసే పని. పరుగు లేదు, మోత లేదు, ఎందుకంటే ఆ మగ్గం ఆగే ఉంటుంది. కుర్రవాళ్ళకు దానికి ఓపిక ఉండదు. ఇన్నేళ్ళూ మా ఆయన కూడా దాన్ని ముసలాళ్ళ పని అని వెక్కిరించేవాడు. ఆ మాట గుర్తుచేశాను. "ముసలోన్నే గద" అన్నాడు. మా కోడలు వంటింట్లోంచి నవ్వింది. టికెట్లు ఆమే ఫోన్లో రద్దు చేసింది, ఆయన ఎదురుగానే, మొగుడి మాట కోసం ఆగకుండా.

మళ్ళీ ఓమిక్రాన్ అన్నారు, మళ్ళీ భయపెట్టారు. మేం కదల్లేదు. ఆ రైలు మేం లేకుండానే పోయింది. ఇప్పుడు చుట్టుపక్కల చిన్న షెడ్లవాళ్ళు పడుగు మార్చేటప్పుడు మా ఆయనను పిలుస్తారు, నేను పక్కన కూర్చుని కొసలు విడదీసి అందిస్తాను. దగ్గు ఉంది. నెలకు నాలుగు రోజులు లేవలేడు. పాలిస్టరు పోగు జారుతుంది, దానికి విబూది కొంచెం ఎక్కువే పడుతుంది. చూసిన కుర్రవాళ్ళు ఇదేం పూజ కాకా అని నవ్వుతారు. రాజుగారి మగ్గం గిట్లనే బాగు చేసిన అంటాడాయన. ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోయి రిజిస్టరు చూసుకోండి అంటాను నేను.

మా కోడలి ఫోనుకు కోట నుంచి ఇంతవరకు ఎవరూ చేయలేదు. అతుకు ఊడలేదన్నమాట.